బెత్తెడు వాలు

చెన్నై నుంచి కోల్‌కతాకు సాగే జాతీయ రహదారి, పుణె నుంచి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం చేరే జాతీయ రహదారి విజయవాడలోని బెంజ్ సర్కిల్ వద్ద కలుసుకుంటాయి. పెద్దలు ఇప్పటికీ వీటిని ఐదో నంబరు, తొమ్మిదో నంబరు రహదారులనే వ్యవహరిస్తారు. 2010లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో వీటికి 16, 65 సంఖ్యలు వచ్చాయి. 2020లో ఒక పైవంతెన, మరుసటి ఏడాది దాని పక్కనే మరొక పైవంతెన వాడుకలోకి వచ్చిన తరువాత దూరప్రయాణం చేసే లారీలు, బస్సులు కూడలిని తాకకుండానే పైనుంచి సాగిపోతున్నాయి. కొత్తగా ఊరికి వచ్చినవారి చూపు సహజంగానే పైకి పోతుంది. వంతెనలు, అంతస్తుల మీద అంతస్తులు, వాటి మీద ప్రకటనల పలకలు! నగరాల గొప్పతనాన్ని ఎత్తునుబట్టి అంచనా వేయడం మనకు అలవాటైపోయింది. ఆ నగరాన్ని మోస్తున్నది మన కాళ్ళ కింద కనిపించని బెత్తెడు వాలు అని ఒక వేసవి నాకు నేర్పింది.

అప్పటికి నేను సివిల్ ఇంజినీరింగు మూడో సంవత్సరం పూర్తిచేశాను. వేసవి సెలవుల్లో ఏదో ఒక సంస్థలో చేరి పని అనుభవం గడించడం మా పాఠ్యప్రణాళికలో భాగం. మిత్రులలో పలువురు హైదరాబాదులోని పెద్ద నిర్మాణ సంస్థలను ఎంచుకున్నారు. కొందరు కంప్యూటరు ముందు కూర్చుని చేసే పనులవైపు మొగ్గారు. నేను మాత్రం బెంజ్ సర్కిల్‌కు నడిచి వెళ్ళగల దూరంలో, నగర పనులు చూసే ఒక ఇంజినీరింగు కార్యాలయంలో చేరాను. "కాలువలు తవ్వించడానికి ఇంజినీరింగు చదవాలా?" అని స్నేహితురాలొకతె నవ్వింది. ఆ ప్రశ్నకు జవాబు మా ఇంట్లోనే ఉంది.

మాది ఉయ్యూరు దగ్గర పల్లె. మా తాతయ్య కృష్ణా కాలువ మీద లస్కరుగా పనిచేశారు. గట్టు వెంట నడవడం, గండి పడే చోటు ముందుగా పసిగట్టడం, తూముల తలుపులు ఎత్తడం, దించడం లస్కరు పని. ఆయన ఉద్యోగంలో చేరిననాటికీ, విరమించిననాటికీ శాఖల పేర్లు మారాయి. ఆయన మాత్రం చివరిదాకా "మా పి.డబ్ల్యు.డి." అనే అనేవారు. బందరు రోడ్డు మీది స్వరాజ్య మైదానాన్ని కూడా ఆయన తరంవారు పి.డబ్ల్యు.డి. గ్రౌండ్స్ అనే పిలిచేవారు. 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేద్కర్ మహాశయుని భారీ విగ్రహం ఇప్పుడు అక్కడే ఉంది.

ఆ మూడక్షరాల వెనుక పెద్ద చరిత్ర ఉంది. దేశంలో ప్రజాపనుల శాఖ రూపుదిద్దుకున్నది 1850వ దశకంలో, డల్హౌసీ పాలనాకాలంలో. దాదాపు అదే సమయంలో, 1852 నుంచి 1855 వరకు, ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో కెప్టెన్ ఓర్ ఆధ్వర్యంలో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట నిర్మించారు. 1952లో ఆ ఆనకట్టకు గండిపడింది. దాని స్థానంలో వచ్చిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నగరం నడుమనుంచే సాగి డెల్టా పొలాలకు నీరు చేరుస్తాయి. ఇక్కడ నగరం కంటె కాలువ ముందు. 1888లో ఏర్పడిన పురపాలక సంఘం 1981లో నగరపాలక సంస్థ అయ్యేనాటికి ఆ కాలువలు వందేళ్ళకు పైబడిన పెద్దలు.

నేను కార్యాలయంలో చేరింది 2024 మే మూడో వారంలో. మే 13న ఎన్నికల పోలింగు ముగిసి, సిబ్బంది అప్పుడప్పుడే ఎన్నికల విధులనుంచి తిరిగి వచ్చారు. రోహిణి కార్తె దగ్గరపడుతోంది. ఎండలు మండుతున్నా ఆ కార్యాలయంలో అందరి మాటా వాన గురించే. వర్షాలు మొదలయ్యేలోగా వీధి కాలువల్లో పూడిక తీయాలి. నన్ను ఒక అసిస్టెంట్ ఇంజినీరుగారికి అప్పగించారు. మితభాషి. మొదటిరోజు ఆయన నా చేతికి ఒక కొలబద్ద ఇచ్చి, "రేపు ఉదయం ఆరింటికల్లా వచ్చెయ్యమ్మా. ఎండ ముదిరితే గాలి కదిలి అంకెలు కూడా కదులుతాయి" అన్నారు.

ఆటో లెవెల్ అనేది దుర్భిణి వంటి పరికరం. దానిని మూడు కాళ్ళ స్టాండు మీద నిలిపి, గాజుగుల్లలోని బుడగ సరిగ్గా వలయం నడుమకు వచ్చేదాకా మరలు తిప్పి, దూరాన నిలిపిన కొలబద్ద మీద అంకె చదవాలి. తాపీ మేస్త్రీల చేతిలోని రసమట్టానికి ఇది పెద్దన్న వంటిది. ఎత్తు ముందే తెలిసిన ఒక స్థిరబిందువు నుంచి బయలుదేరి, వీధి వీధీ కొలుచుకుంటూ వెళ్ళి, చివరకు మళ్ళీ ఆ బిందువు దగ్గరికే వచ్చి లెక్క సరిచూసుకోవాలి. తరగతి గదిలో ఇదంతా చదివాను. అయితే పుస్తకంలో 'వాలు' అన్నది ఒక అంకె మాత్రమే. వీధిలో దాని విలువ తెలిసింది.

కృష్ణా డెల్టా నేల పళ్ళెంలా చదునుగా ఉంటుంది. విజయవాడ నుంచి సముద్రతీరాన ఉన్న బందరు దాదాపు డెబ్బై కిలోమీటర్లు. అంత దూరంలోనూ నేల దిగేది కొద్ది మీటర్లే. ఇటువంటి నేల మీద వీధి కాలువకు వెయ్యికి ఒకటి చొప్పున వాలు ఇచ్చామనుకోండి. అంటే వంద మీటర్ల పొడవున కాలువ అడుగు పది సెంటీమీటర్లు దిగుతుంది. చేతి నాలుగు వేళ్ళను ఒకచోట చేర్చితే వచ్చే వెడల్పుకు కాస్త ఎక్కువ. మా ఊళ్ళో దానిని బెత్తెడు అంటారు. వాననీరు వీధి కాలువనుంచి పెద్ద కాలువకు, అక్కడినుంచి మురుగుకోడుకు నడిచిపోయేది ఈ బెత్తెడు ఆసరాతోనే. సాగుకాలువలు మెరక వెంట సాగుతాయి కనుక పక్కనే కాలువ ఉన్నంత మాత్రాన వీధినీరు అందులోకి పోదు. మురుగుకోడులు పల్లం వెంట సాగుతాయి. నీరు అక్కడికి వెదుక్కుంటూ పోవాలి. దారిలో ఒక్కచోట పది సెంటీమీటర్ల పూడిక పేరుకుంటే వంద మీటర్ల వాలు హరించుకుపోయినట్లే.

ఈ సంగతి ఆ సాయంత్రం ఫోనులో చెప్పినప్పుడు తాతయ్య నవ్వారు. "మేం నీటిని చేలోకి పిలుచుకొచ్చేవాళ్ళం అమ్మడూ. మీరు పట్నంలో దాన్ని సాగనంపుతున్నారు. పిలిచినా, పంపినా కావలసింది వాలే" అన్నారు.

ఆ కార్యాలయంలో నేను మిక్కిలి గౌరవంతో చూసిన వస్తువు కొలతల పుస్తకం. అందరూ 'ఎం బుక్' అంటారు. పేజీలకు ముందే సంఖ్యలు ముద్రించి ఉంటాయి. రాసింది చెరపడానికి వీలులేదు. ఏదైనా సవరించవలసివస్తే పాత అంకె కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, సంతకం చేయాలి. అందులో రాసిన కొలతనుబట్టే బిల్లు తయారవుతుంది. ఆ బిల్లుకు చెల్లించేది ప్రజల సొమ్ము. కింది ఇంజినీరు రాసిన కొలతలను పై ఇంజినీరు స్వయంగా వచ్చి సరిచూస్తారు.

పూడికతీతకు కొలత చాలా ముఖ్యం. తవ్వకముందు అడుగు ఎంత ఎత్తున ఉంది, తవ్విన తరువాత ఎంత లోతుకు దిగింది అన్న తేడానుబట్టే ఎంత మట్టి తీశారో తేలుతుంది. ఒకనాడు ఎండ నడినెత్తికి వచ్చింది. పని ఒప్పుకున్న గుత్తేదారు తరఫు మనిషి గొడుగు పట్టుకుని దగ్గరికి వచ్చి, "ఎందుకండీ ఈ అవస్థ! మొదట్లో ఒకటి, చివర్న ఒకటి చూశారుగా. మధ్యలో అంతా అదే లోతు వేసేయండి" అన్నాడు. నేను అసిస్టెంట్ ఇంజినీరుగారి ముఖంలోకి చూశాను. ఆయన కోపగించుకోలేదు. నావైపు తిరిగి, "పది మీటర్లకొకటి తీయమ్మా. మనం పుస్తకంలో రాసింది నీరు చదవదు. అది నేలను చదువుతుంది" అన్నారు. ఆరోజు కొలిచిన పదకొండు చోట్లలో నాలుగు చోట్ల పూడిక సగమే తీశారని తేలింది. మరునాడు మనుషులు మళ్ళీ కాలువలోకి దిగారు.

దిగినవారి గురించి చెప్పకపోతే ఈ కథనం అసంపూర్ణం. మూసి ఉన్న మురుగు గొట్టాలలోకి, సెప్టిక్ ట్యాంకులలోకి రక్షణ సాధనాలు లేకుండా మనుషులను దించడాన్ని 2013లో వచ్చిన చట్టం నిషేధించింది. వాటికి యంత్రాలు ఉన్నాయి. కానీ యంత్రం పట్టని ఇరుకు వీధులలో తెరిచిన కాలువలను పారతోనే శుభ్రం చేయాలి. నడివయసు దాటిన ఒక కార్మికుడిని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన పారతో పైకి తీసినవాటిని చూస్తే మన నాగరికత చరిత్ర అంతా అందులో కనిపించేది. ప్లాస్టిక్ సంచులు, టీ కప్పులు, కొబ్బరి చిప్పలు, ఇల్లు కట్టినవారు వదిలేసిన కంకర, ఒకసారి ఏకంగా తలదిండు! "ఇందులో వాన తెచ్చింది ఎంతుందంటారు బాబాయ్?" అని అడిగాను. ఆయన పార ఆనించి, "వాన తెచ్చేది ఇసకేనమ్మా. మిగతాదంతా మనం వేసిందే" అన్నాడు. తీసిన మట్టిని గట్టున ఆరబెట్టి రెండు రోజుల్లో బండికెత్తాలి. ఆలోపు వాన పడితే అది మళ్ళీ కాలువలోకే జారుతుంది. అందుకే ఆయన పని చేస్తున్నంతసేపూ మధ్యమధ్య తలెత్తి మబ్బుకేసి చూసేవాడు.

మట్టి తీయడం కంటె కష్టమైన పని మరొకటి ఉంది. చాలాచోట్ల కాలువ మీదికి మెట్లు, వాహనాలు ఎక్కే ర్యాంపులు వచ్చేశాయి. వాటి కింద పార ఆడదు. మా వీధిలో ఒక పెద్దావిడ టిఫిన్ కొట్టు నడిపేది. కాలువ మీద నాలుగు మీటర్ల పొడవున కాంక్రీటు అరుగు పోయించుకుంది. దానిని తొలగించాలన్న మాట వినగానే ఆమె గరిటె పక్కన పెట్టి బయటికి వచ్చింది.

"బాబుగారూ, వానొస్తే నీళ్ళు నిలిచేది నా కొట్టు ముందరే. ఆ సంగతి నాకు తెలీదా? కానీ పొద్దున్నే ఆటోనగర్‌కు పోయే కుర్రాళ్ళు ఈ అరుగు మీద నిలబడే తింటారు. ఇది పగలగొడితే వాళ్ళు పక్క వీధికి పోతారు. నేనేం తినాలి?"

ఆమె మాటలో అన్యాయం లేదు. ఇంజినీరుగారి మాటలోనూ లేదు. ఒకరిది బతుకుతెరువు, మరొకరిది వీధి క్షేమం. నేను నోటుపుస్తకంలో కాలువ బొమ్మ గీసి, అరుగు కింద పూడిక పేరుకున్నచోటు చూపించి, పైనున్న ఇళ్ళ నీరు ఎందుకు ఆగిపోతోందో వివరించబోయాను. ఆమె బొమ్మను చూసీ చూడకుండానే, "పెనం ఒరిగితే అట్టు ఒకపక్కకే పోతుంది. అంతేనా అమ్మాయ్?" అంది. నేను రెండు పేజీలలో చెప్పబోయింది ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది!

చివరకు ఇంజినీరుగారు ఒక మార్గం చూపారు. అరుగు తీసేసి, దాని చోట విడివిడి కాంక్రీటు పలకలు పరిపించారు. కొక్కెం తగిలించి ఎత్తడానికి వాటికి రంధ్రాలు ఉంటాయి. జనం నిలబడవచ్చు, అవసరమైనప్పుడు పలక లేపి మట్టి తీయవచ్చు. పలకలు ఆరేదాకా నాలుగు రోజులు ఆమె బల్లచెక్క వేసి వ్యాపారం సాగించింది. అయిదోనాడు మా అందరికీ పెసరట్లు పెట్టి, డబ్బు తీసుకోనంది. ఇంజినీరుగారు మాత్రం లెక్కకట్టి ఇచ్చేశారు.

అన్నీ ఇలా సుఖాంతం కాలేదు. అదే వీధి దిగువన ఒక పెద్ద భవనం ముందు కార్లు ఎక్కడానికి కట్టిన ర్యాంపు కాలువను పూర్తిగా మూసివేసింది. ఇంజినీరుగారు మూడుసార్లు వెళ్ళారు. తాఖీదు ఇచ్చారు. ప్రతిసారీ యజమాని ఊళ్ళో లేరన్న జవాబే వచ్చింది. మృగశిర కార్తెలో తొలకరి కురిసిన సాయంత్రం ఆ వీధికి వెళ్ళి చూశాను. టిఫిన్ కొట్టు ముందు నీరు చకచకా కదిలిపోయింది. యాభై అడుగులు నడిచి, ర్యాంపు దగ్గరికి వచ్చి ఆగింది. అక్కడ ఆగిన నీరు మెల్లగా వెనక్కి పెరుగుతూ మళ్ళీ పై ఇళ్ళ గుమ్మాలవైపు బయలుదేరింది. పలకలు పరిపించుకున్న పెద్దావిడ కొట్టు గుమ్మంలో నిలబడి దాన్నే చూస్తోంది. చిన్న కొట్టు వదులుకున్న చోటును పెద్ద భవనం వదులుకోలేదు. నా శిక్షణ ముగిసేనాటికి కూడా ఆ ర్యాంపు అక్కడే ఉంది. నేను సమర్పించిన నివేదికలో దాని కొలతలు, అది నిలిపివేసిన వాలు, ముంపు బారిన పడే ఇళ్ళ సంఖ్య రాశాను. ఇంజినీరుగారు చదివి, ఒక్క అక్షరం మార్చకుండా పై అధికారికి పంపారు.

ఆ ఏడాదే ఆగస్టు 31న విజయవాడలో కుండపోతగా వాన కురిసింది. మరునాటికి బుడమేరు పొంగింది. కొండపల్లి దగ్గర దాని మళ్ళింపు కాలువ గట్టుకు మూడు గండ్లు పడి, అజిత్‌సింగ్ నగర్ మొదలైన ప్రాంతాలు రోజుల తరబడి నీట మునిగాయి. ఆ గండ్లను పూడ్చేసరికి సెప్టెంబరు 7 వచ్చింది. మరోవైపు సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వెళ్ళింది. అంటే సెకనుకు అన్ని లక్షల ఘనపుటడుగుల నీరు! అది బ్యారేజీ చరిత్రలోనే అత్యధికం. 2009 నాటి వరదను మించినది. అంతటి ప్రవాహంలోనూ కృష్ణలంకకు ఏళ్ళ తరబడి దశలవారీగా కట్టిన వరద రక్షణ గోడ అండగా నిలిచింది.

ఒకే వారంలో ఒకే నగరం రెండు పాఠాలు చెప్పింది. నిలిచిన గోడ ఒకటి, తెగిన గట్టు ఒకటి. వీధి కాలువలోని బెత్తెడు వాలు బుడమేరును ఆపుతుందని నేననను. వరద వేరు, వాన వేరు. కానీ పెద్ద ఏరుకైనా, చిన్న కాలువకైనా సూత్రం ఒక్కటే. నీటికి ఉన్న చోటును మనం ఆక్రమించుకుంటే అది మన చోటును ఆక్రమిస్తుంది. వరద తీసిన తరువాత కూడా ఇంటిముందు నీరు ఒక పూట నిలుస్తుందా, వారం రోజులు నిలుస్తుందా అన్నది ఆ చిన్న కాలువల మీదనే ఆధారపడి ఉంటుంది.

కళాశాలకు వెళ్ళేందుకు నేను ఎక్కే బస్సు ఉయ్యూరు నుంచి కంకిపాడు మీదుగా బెంజ్ సర్కిల్ చేరుతుంది. నాగార్జునసాగర్ నిర్మాణంతో ముడిపడిన పేరు, కేంద్ర మంత్రిగా దేశపు నదులన్నిటి గురించీ ఆలోచించిన ఇంజినీరు డాక్టర్ కె.ఎల్.రావుగారు 1902లో పుట్టింది ఆ కంకిపాడులోనే. విజయవాడ ప్రజలు ఆయనను లోక్‌సభకు కూడా పంపారు. మహానిర్మాణాలు చేసినవారిని మనం స్మరించుకుంటాం, స్మరించుకోవాలి. వారితోపాటు తెల్లవారుజామున వీధిలో కొలబద్ద పట్టుకుని పది మీటర్లకొకసారి వంగి చూసేవారినీ, పార ఆనించి మబ్బుకేసి చూసేవారినీ గుర్తుంచుకోవడం మన విధి. వారు పని బాగా చేసిన వీధిలో వానాకాలం ఏ విశేషమూ లేకుండా గడిచిపోతుంది.

పట్టభద్రులైన యువతీయువకులు పట్టణ స్థానిక సంస్థలలో శిక్షణ పొందేందుకు కేంద్రప్రభుత్వం 2020 జూన్‌లో 'ట్యులిప్' అనే పథకాన్ని ప్రారంభించింది. అటువంటి అవకాశం వచ్చినప్పుడు మీలో కొందరైనా దానిని అందుకుంటారని ఆశిస్తున్నాను. అందుకు ఇంజినీరింగే చదవనక్కరలేదు. పట్టణానికి లెక్కలు తెలిసినవారు కావాలి, చట్టం తెలిసినవారు కావాలి, టిఫిన్ కొట్టు పెద్దావిడతో ఓపికగా మాట్లాడగలవారు అంతకంటె ఎక్కువ కావాలి. ఈలోగా ఎవరైనా చేయగల పని ఒకటుంది. వాన వెలిసిన తరువాత మీ ఇంటిముందు కాలువ దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. నీరు ఎటు పోతోందో, ఎక్కడ ఆగుతోందో చూడండి. ఆగినచోట అడ్డుపడినది మనదే అయితే, దానిని మనమే తీసివేద్దాం.